పాత సామాన్లతో పిల్లికి అన్నీ చేసిపెట్టొచ్చు, సూది మందు మాత్రం వేయించాల్సిందే

మీరు అడిగింది క్లుప్తంగా: పాలకొల్లు దగ్గర పల్లెటూరు, దొడ్లో కట్టెల పక్కన నెల రోజుల పిల్లి పిల్ల దొరికింది, మూడు రోజులు చూసినా తల్లి తిరిగి రాలేదు. మీరు డిగ్రీ చదువుతున్నారు, చేతిలో డబ్బు తక్కువ. ఇంట్లో పడి ఉన్న అట్టపెట్టెలు, పాత బట్టలు, కొబ్బరి తాడుతో దానికి కావాల్సినవి చేసుకోవచ్చా? పాలూ అన్నం పెడితే చాలా? అక్క పురిటికి వస్తోంది, పిల్లి వద్దు అని అమ్మ అంటోంది, ఆవిడ మాటలో నిజమెంత?

ముందు సూటిగా చెప్పేస్తాను. పడక, గోళ్ళు గీరుకునే స్తంభం, ఆటవస్తువులు, మలమూత్రాలకి లిట్టర్ ట్రే, ఎక్కడికైనా తీసుకెళ్ళడానికి పెట్టె, ఈ అయిదూ ఇంట్లోనే చేసుకోవచ్చు. కొన్నవాటి కంటే బాగా వస్తాయి కూడా. టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఈ మూడూ డాక్టరు దగ్గరే. వీటికి ఇంటి చిట్కా లేదు. పాలూ అన్నం సరిపోవు. అక్క వచ్చినా పిల్లిని ఉంచుకోవచ్చు, కానీ అమ్మ భయం ఉత్తిది కాదు, దాని గురించి కింద వివరంగా రాశాను.

నేను అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో ఇంటి దగ్గరే బట్టలు కుడతాను. మిషన్ పెట్టి 24 ఏళ్ళు. నా మొదటి పిల్లి మిషన్ పక్కన కత్తిరింపు ముక్కల బుట్టలో ఈనింది. అప్పటి నుంచి మా ఇంట్లో పిల్లి లేని రోజు లేదు, ఇప్పుడు మూడున్నాయి. డాక్టరు చదువు నాకు లేదు. నేను చెప్పేదంతా పెంచి నేర్చుకున్నది, మా పశువుల డాక్టరు గారు విసుక్కోకుండా చెప్పింది.

ముందు ఒక మాట. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఒక్కోటీ నోట కరుచుకుని చోటు మారుస్తుంది, మధ్యలో ఒకటి కొన్ని గంటలు ఒంటరిగా కనిపిస్తుంది. మనం జాలిపడి ఎత్తుకొస్తే తల్లిని విడదీసినట్టే. మీరు మూడు రోజులు చూశానన్నారు కాబట్టి మీ విషయంలో ఆ అనుమానం లేదు. కానీ ఇది చదివే మిగతావాళ్ళకి చెప్తున్నాను, చేల గట్ల మీదా, చెరువుల పక్కన తుంగలోనూ దొరికిన పిల్లల్ని అసలు తాకకండి. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో నీటి పిల్లులున్నాయి, డెల్టాలో చేలవైపు అడవి పిల్లులూ తిరుగుతాయి. కూనలుగా ఉన్నప్పుడు ఇంటి పిల్లి పిల్లల్లాగే ముద్దుగా ఉంటాయి. తోక పొట్టిగా, ఒళ్ళు బలంగా, చెవులు గుండ్రంగా లేదా చెవి కొసన నల్ల వెంట్రుకలతో ఉంటే అనుమానించాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని ఇంట్లో పెంచకూడదు. ఎక్కడ చూశారో అక్కడే వదిలి, అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి.

ఇక మీ పిల్ల. దాన్ని ఒక చేతిసంచిలో పెట్టి కిరాణా కొట్టు త్రాసు మీద తూచండి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుంటుంది, వారానికి ఇంచుమించు 100 గ్రాములు పెరుగుతుంది. నెల రోజులదంటే 400 గ్రాముల పైన ఉండాలి. 300 లోపు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. ప్రతి వారం ఒకే రోజు తూచి కేలెండర్ మీద రాసుకోండి. బరువు పెరగడం ఆగిందంటే ఏదో తేడా జరుగుతోందన్నమాట, పిల్ల నీరసించడం మన కంటికి ఆనేది ఆ తరవాతే.

ఆవు పాలు, గేదె పాలు పోయకండి. అవి సరిపడక విరేచనాలు పట్టుకుంటే ఆ ఒంటికి ఒక్క రోజు చాలు, నీరంతా పోతుంది. పిల్లి పిల్లల పాలపొడి దొరుకుతుంది, ఇంకో రెండు మూడు వారాలకి అదీ అక్కర్లేదు. నెల దాటింది కాబట్టి ఉడికించిన కోడి మాంసం మెత్తగా చిదిమి, ఉడికించిన నీళ్ళతోనే పలచగా కలిపి రోజుకి నాలుగుసార్లు పెట్టండి. ఉప్పు, పసుపు, కారం ఏదీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు, అవి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి. ఆ ఉడికించిన నీళ్ళు ఎందుకు పారబోయొద్దంటే, టౌరిన్ అనే పదార్థం అందులోకి దిగుతుంది. పిల్లి ఒళ్ళు దాన్ని చాలినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. అది తక్కువైతే కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. అన్నంలో అది లేదు. కోడి గుండెకాయలో బాగా ఉంటుంది, చికెన్ కొట్లో కందనకాయ, గుండెకాయ కలిపి తక్కువకే ఇస్తారు. కార్జం మాత్రం వారానికోసారి చిన్న ముక్క చాలు. అయినా ఇంటి వంట ఒక్కదాని మీదే పెంచొద్దు, పిల్లి పిల్లలకని అమ్మే పూర్తి ఆహారం ఒక ప్యాకెట్ కొని రోజులో సగం అదే పెట్టండి.

మన వైపు చేపలకి కొదవ లేదు కాబట్టి చేప గురించి అందరూ అడుగుతారు. బొచ్చె, శీలావతి తలకాయలు పచ్చివి వేయడం మన ఇళ్ళలో అలవాటు. మంచినీటి పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని చెడగొట్టే గుణం ఉంది. రోజూ అదే తింటే కొన్నాళ్ళకి తల కిందికి వాలుస్తుంది, తూలుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. ఉడికించి, ముళ్ళు తీసి, వారానికి రెండుసార్లు పెట్టండి. ఎండు చేపలు వద్దు, ఉప్పు ఎక్కువ.

ఇక చేతిపని.

పడకతో మొదలుపెట్టండి. మన అమ్మమ్మలు పాత చీరలతో బొంతలు కుట్టేవారు, అదే పని, చిన్న కొలతలో. బాగా ఉతికి నలిగిన నూలు చీర తీసుకోండి. జరీ అంచు కత్తిరించి పక్కన పడేయండి, అది పిల్లికి పనికిరాదు. 18 అంగుళాల చదరంలో ఎనిమిది మడతలు పెట్టి, నాలుగు అంచులూ లోపలికి మడిచి కుట్టండి. బొంతకి మామూలుగా వేసే పొడుగు టాకాలు వేయకండి, గోరు తగులుకుంటుంది. కుట్టు చిన్నదిగా, దగ్గర దగ్గరగా ఉండాలి. చేత్తో అయితే ఒక మధ్యాహ్నం పడుతుంది. రెండు కుట్టండి, ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి పెట్టెలో. ఆ బొంతని అట్టపెట్టెలో వేసి, పెట్టెకి ఒక పక్కన అర్ధచంద్రంలా దారి కోయండి. పిన్నులు, టేపు ముందే పీకేయండి. దిండులో థర్మాకోల్ పూసలు నింపొద్దు, చిరిగితే మింగుతాయి. రాత్రి చల్లగా ఉంటే కూల్‌డ్రింక్ సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత గట్టిగా బిగించి, పాత తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. తల్లి పక్కన పడుకున్నట్టు దానికి ఆనుకుని నిద్రపోతుంది.

పడక విషయంలో నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఒకసారి వాంతులు, విరేచనాలతో ఒక పిల్ల చనిపోయింది. దాని బొంత సబ్బుతో ఉతికి, ఎండలో వేసి, రెండు నెలల తరవాత వచ్చిన ఇంకో పిల్లకి వేశాను. వారం తిరక్కుండా దానికీ అదే వచ్చింది. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్, ఏడాది దాకా గుడ్డల్లో, నేల మీద బతికి ఉంటుందని తరవాత తెలిసింది. సబ్బుకీ, మామూలు క్రిమిసంహారకాలకీ చావదు, బ్లీచింగ్ నీళ్ళకి చస్తుంది. పాతవి తిరిగి వాడటం మంచి పనే, కానీ జబ్బు చేసి చనిపోయిన పిల్ల గుడ్డలు, పెట్టెలు కాల్చేయాల్సిందే. నేల బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, టీకాలు పడని పిల్లని ఆ చోటుకి తీసుకురాకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, దారం. ఆరేళ్ళ కిందట మా ఇంట్లో గోధుమరంగు పిల్ల ఒకటి ఉండేది, అయిదు నెలలది. ఒక పెళ్ళి జాకెట్ల హడావిడిలో ఎర్రదారం కండె మిషన్ మీదే వదిలేసి భోజనానికి లేచాను. మర్నాటికి తిండి మానేసింది. నోటి నుంచి సొంగ కారుతోంది. నోరు తెరిచి చూస్తే నాలుక కింద సన్నగా ఎర్రటి గీత. దారం నాలుక మొదట్లో చుట్టుకుని, మిగతాది గొంతులోకి దిగిపోయింది. నా చెయ్యి దాన్ని లాగేయడానికే వెళ్ళింది. ఎందుకో ఆగి డాక్టరుకి ఫోన్ చేశాను. "లాగారో, లోపల పేగు కోసుకుపోతుందమ్మా, అలాగే తీసుకురండి" అన్నారు. ఆపరేషన్ చేసి తీశాక నాకు అర్థమయ్యేలా చెప్పారు. లంగా బొందు లాగితే గుడ్డంతా కుచ్చులు పడుతుందే, దారం ఒక చివర నాలుకకి పట్టుకుని ఉండగా పేగు అలా కుచ్చులు పడిపోయిందట. ఆ పిల్ల బతికింది, కానీ పదిహేను రోజులు నరకం చూసింది.

పిల్లి నాలుక మీద ముళ్ళన్నీ లోపలివైపుకే వాలి ఉంటాయి. నోట్లోకి వెళ్ళిన దారాన్ని ఉమ్మాలన్నా అది ఉమ్మలేదు. కాబట్టి ఇంట్లో ఏ వస్తువుతో పిల్లికి ఆటబొమ్మ చేసినా నేను ఒక పరీక్ష పెడతాను. రెండు గోళ్ళతో గట్టిగా పట్టి లాగుతాను. నా వేలంత పొడుగు పోగు ఊడి వచ్చిందంటే అది పిల్లికి ఇవ్వను. ఈ పరీక్షలో నెగ్గనివి: పురికొస, ఊలు, రబ్బరు బ్యాండ్లు, ఎలాస్టిక్, రిబ్బన్లు, చమ్కీలు, పాత కేసెట్ల టేపు, అన్నిటికంటే మోసం చేసేది బియ్యం బస్తా. గట్టిగా కనిపిస్తుంది కానీ అంచు కోస్తే ప్లాస్టిక్ పోగులు మూరలకి మూరలు ఊడతాయి. గోనె సంచి అయితే అంచులు మడిచి కుట్టి గీరుకోవడానికి వేయొచ్చు. పాత చేపల వల కూడా వద్దు. వరండాకి కడితే పిల్లి బయటకి పోకుండా ఉంటుందని మా వైపు కొందరు కడుతున్నారు, గోళ్ళు చిక్కుకుని రాత్రంతా వేలాడిన పిల్లిని నేను చూశాను. కట్టాలంటే కోళ్ళ షెడ్లకి వాడే ఇనుప మెష్ పాతది తెచ్చి బిగించండి.

గీరుకునే స్తంభానికి కొబ్బరి తాడు బ్రహ్మాండంగా ఉంటుంది, మన దగ్గర కొదవ లేదు. పిల్లి గీరడం మానదు, అది దాని గోటి పై పొర రాల్చుకునే పద్ధతి, ఒళ్ళు విరుచుకునే పద్ధతి కూడా. స్తంభం కనీసం మూడడుగులుండాలి, రెండు కాళ్ళ మీద లేచి పూర్తిగా సాగాలి. బోరుకి వేయగా మిగిలిన నాలుగంగుళాల పైపు ముక్క, ఒక ఖాళీ పెయింట్ డబ్బా, ఎవరైనా ఇల్లు కడుతుంటే అడిగి తెచ్చుకున్న రెండు తట్టల సిమెంటు ఇసుక మాలు చాలు. పైపుని డబ్బా మధ్యలో నిలబెట్టి మాలు పోసి మూడు రోజులు తడపండి. ఆరాక కింద నుంచి తాడు చుట్టుకుంటూ రండి. అరంగుళం తాడైతే 90 అడుగులు పడుతుంది, తక్కువ తెచ్చుకుంటే సగంలో ఆగిపోతారు. అయిదారు చుట్లకోసారి లోపల ఫెవికాల్ రాయండి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు, సందు ఉండకూడదు. ఇద్దరుంటే తేలిక, ఒకరు పైపు తిప్పితే ఒకరు తాడు బిగిస్తారు. తాడు కొసకి పైపులో రంధ్రం చేసి లోపలికి దోపి ముడి వేయండి, మేకు కొట్టొద్దు. పూర్తయ్యాక మీరు ఒక చేత్తో తోసి చూడండి, ఊగితే పిల్లి ఒక్కసారి భయపడి మళ్ళీ దాని దగ్గరకి రాదు. పెట్టాల్సింది అది పడుకునే చోటు పక్కన. నిద్ర లేవగానే ముందు చేసే పని గీరుకోవడమే.

ఆటవస్తువులకి అసలు ఖర్చే లేదు. చిన్నప్పుడు కొబ్బరాకుతో బంతి అల్లడం వచ్చేది కదా, అదే అల్లండి. నిమ్మకాయంత సైజుకి తగ్గకూడదు. పచ్చి ఆకు బంతి నేల మీద గరగరమంటూ దొర్లుతుంది, మా పిల్లులకి కొన్న ఏ బొమ్మా అంత నచ్చలేదు. రెండు రోజులకి ఎండి చీలుతుంది, అప్పుడు తీసి ఎరువు గుంటలో వేసి కొత్తది అల్లండి. కొబ్బరి పీచుతో ఉండ చేయడం నేను మానేశాను, నమిలి మింగి వాంతి చేసుకుంటున్నాయి. కోడిగుడ్ల అట్ట ట్రే శుభ్రంగా ఉన్నది తీసుకుని, గుంటల్లో నాలుగు తిండి గింజలు వేసి పైన కాగితం ఉండలు పెట్టండి. పంజాతో ఒక్కో గుంటా వెతుక్కుంటూ అరగంట గడిపేస్తుంది.

ఇంకొకటి, మన దొడ్లోనే మొలిచే కుప్పింటాకు. కలుపని పీకి పారేస్తాం. దాని వేరు వాసనకి చాలా పిల్లులు మత్తెక్కినట్టు అయిపోతాయి, మొహం రుద్దుకుంటాయి, దొర్లుతాయి. వేరు కడిగి, నీడన ఆరబెట్టి, పాత సాక్సులో గుడ్డ ముక్కలతో పాటు పెట్టి నోరు మెత్తగా, దగ్గరగా కుట్టేయండి. చిన్న పిల్లి పిల్లలకి దాని మీద ఆసక్తి ఉండదు, అయిదారు నెలలు దాటాక ఇవ్వండి. వాసన చూడటానికే, ఆకు తింటే వాంతులవుతాయి. కర్రకి తాడు కట్టి ఆడించే బొమ్మ చేస్తే మీరు దగ్గరుండి ఆడించాలి, ఆట అయ్యాక బీరువాలో పెట్టేయాలి.

లిట్టర్ ట్రేకి పగిలిన ప్లాస్టిక్ టబ్బు చాలు. ఒక పక్క నాలుగంగుళాల ఎత్తుకి కోసి, అంచు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లోపల వేసేది మన దగ్గర మూడు రకాలుగా దొరుకుతుంది. గోదావరి ఇసుక బరువు, వాసన ఆగదు. ఊక తేలిక, కాళ్ళకి అంటుకుని ఇల్లంతా వస్తుంది. నా ఓటు కొబ్బరి పొట్టుకి. మూడంగుళాల మందంలో పోయండి, తడిని పీల్చుకుంటుంది, వాసన తక్కువ. మరీ పొడిగా ఉంటే దుమ్ము లేస్తుంది, కాస్త చెమ్మగా ఉన్నప్పుడే పోయండి. తిండి పెట్టే చోటికి దూరంగా ఉంచండి.

ఈ ట్రే దగ్గరే మీ అక్క విషయం వస్తుంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఉండే అవకాశం ఉంది, కడుపుతో ఉన్నవాళ్ళకి సోకితే బిడ్డకి ప్రమాదం. అమ్మ భయపడేది దీనికే. కానీ అది మలంలో పడిన వెంటనే అంటుకోదు, ఒక రోజు దాటాకే సోకే శక్తి వస్తుంది. రోజూ పొద్దున్నే ట్రే శుభ్రం చేయండి, ఆ పని మీరే చేయండి, అక్క దాని జోలికి వెళ్ళకూడదు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకపోతే, ఎలకల్ని తిననివ్వకపోతే దానికి సోకే అవకాశమే తగ్గుతుంది. మనుషులకి సగం ఉడికిన మాంసం నుంచీ, తోటపని మట్టి నుంచీ కూడా వస్తుంది, కాబట్టి అక్క కూరగాయలు బాగా కడిగి వాడాలి. అక్కకి చూసే డాక్టరుతో ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి. బిడ్డ వచ్చాక చీర ఉయ్యాల ఉన్న గదిలోకి పిల్లిని రానివ్వొద్దు, ఊగే గుడ్డ కనిపిస్తే ఎక్కి పడుకుంటుంది. ఇవన్నీ మీరు చేస్తారని అమ్మకి ముందు నమ్మకం కలగాలి. వాదించొద్దు, ఒక నెల రోజులు ట్రే ఒక్క రోజు కూడా మానకుండా శుభ్రం చేసి చూపించండి.

టీకాల సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తరవాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు వచ్చే దాకా. పైన చెప్పిన పాన్‌ల్యూకోపీనియా, పిల్లుల జలుబు జబ్బులు రెండూ అందులోనే వస్తాయి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, మళ్ళీ ఏడాదికి బూస్టర్. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు) నాడు పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేశాడు, అందుకే ఆ తేదీ. ముందు రోజు ఫోన్ చేసి పిల్లులకీ వేస్తారా అని అడిగి వెళ్ళండి. టీకా పడని పిల్లి కరిచినా, గీరినా, పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. పసుపూ సున్నం పెట్టుకుని కూర్చోవద్దు.

ఆపరేషన్ అయిదో నెలలో చేయించండి. ఆడ పిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, తొమ్మిది వారాలకి ఈనుతుంది, పాలిస్తూ ఉండగానే మళ్ళీ చూలు కట్టగలదు. అప్పుడు జరిగేది మీకు తెలుసు, పిల్లల్ని గోతంలో వేసి కాలవ గట్టున వదిలేస్తారు. తిండి లేక మాడిపోయేలా జంతువుని వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం. కానీ మా కాలవ గట్టు మీద ఏటా చూస్తూనే ఉన్నాను, అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెప్తున్నాను. పల్లెల్లో పశువుల ఆసుపత్రుల్లో పిల్లుల ఆపరేషన్ అన్నిచోట్లా చేయరు. భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో పెంపుడు జంతువుల డాక్టర్లున్నారు, గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఉంది. స్తంభం, పడక, ట్రే కొనకుండా మిగుల్చుకున్న డబ్బు ఈ రోజు నుంచే ఒక డబ్బాలో వేస్తూ ఉండండి, అది దీనికి.

మన డెల్టాలో పిల్లులకి వచ్చే ప్రమాదాలు కొన్ని వేరు. సార్వా, దాళ్వా పైర్లలో ఎలకలకి మందు పెడతారు. మందు తిన్న ఎలకని తింటే పిల్లికీ ఎక్కుతుంది. కొన్ని మందులకి రెండు మూడు రోజుల తరవాత లోపల రక్తం కారుతుంది, చిగుళ్ళు తెల్లగా పాలిపోతాయి. బ్రోమాడయోలోన్ లాంటి మందైతే విటమిన్ కె1 ఇచ్చి కాపాడొచ్చు, అందుకే చేలో ఏ మందు పెట్టారో కనుక్కుని డాక్టరుకి చెప్పాలి. మందు పెట్టే రోజుల్లో పిల్లిని ఇంట్లోనే ఉంచండి. నేల తుడవడానికి ఫినాయిల్ మానేయండి, పాదాలకి అంటింది నాకి మింగుతుంది. కర్పూరం, కలరా ఉండలు అందనివ్వకండి. జ్వరం అనిపించి పారాసెటమాల్ వేయకండి, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. కుక్కలకి వాడే పేల మందు పిల్లికి రాయకండి.

చివరగా వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మా అన్నయ్య వాళ్ళు గోదావరి మధ్య లంకలో ఉన్నారు. పడవ వచ్చింది, పిల్లిని బియ్యం బస్తాలో వేసి మూతి కట్టి ఎత్తుకొచ్చారు. నది మధ్యలో బస్తా చింపుకుని దూకేసింది. మా మేనకోడలు ఇప్పటికీ ఆ మాట వస్తే లేచి వెళ్ళిపోతుంది. ఆ ఏడాదే నేను పెట్టె చేయడం మొదలుపెట్టాను. కూరగాయలు వచ్చే ప్లాస్టిక్ ట్రేలు రెండు ఒకే కొలతవి తీసుకోండి. ఒకదాని మీద ఒకటి బోర్లించి, ఒక పొడుగు పక్కన నాలుగు కేబుల్ టైలతో బిగించండి, అది తలుపు బందులా పనిచేస్తుంది. ఎదుటి పక్కన రెండు బెల్టు ముక్కలు, పాత స్కూల్ బ్యాగువి, కట్టండి. కేబుల్ టై కొసలు కత్తిరించి బయటివైపుకి తిప్పండి. అడుగున బొంత. దీన్ని అటక మీద పెట్టకండి, ఎప్పుడూ మూత తీసి పడక గదిలో ఉంచండి, అందులోనే అప్పుడప్పుడు తిండి పెట్టండి. అలవాటైన పెట్టెలోకి అదే నడిచి వెళ్తుంది. మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజే పిల్లిని ఇంట్లో ఉంచి తలుపులు వేసుకోండి, చివరి నిమిషంలో చెట్టెక్కిన పిల్లిని దింపలేరు.

అమ్మ ఒప్పుకోవడం కంటే పెద్ద ప్రశ్న ఒకటి మీకే. ఇంటి పిల్లి పదిహేనేళ్ళు బతకగలదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగానికి హైదరాబాదో బెంగుళూరో వెళ్తే ఇది ఎవరి దగ్గర ఉంటుంది? అమ్మ చూస్తానంటే ఆవిడకి ఇప్పుడే అలవాటు చేయండి. ఎవరూ లేకపోతే, టీకాలు వేయించి, ఆపరేషన్ చేయించి, చూసుకునే ఇంటికి ఇవ్వండి. అదీ పెంచినట్టే.

ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకున్నాక పిల్లి కుట్లు నాక్కోకుండా పాత టీషర్టు చేతి ముక్కతో చొక్కా కుట్టాలి. దానికి మెడ చుట్టుకొలత, ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, మెడ నుంచి తోక మొదలు దాకా పొడుగు, ఈ మూడు కొలతలూ రాసి పంపండి, ఎక్కడెక్కడ కత్తిరించాలో చెప్తాను.